ప్రమాదం లేని రోజులు

శుక్రవారం పొద్దున, ఫర్వానియాలో
ఆసుపత్రి వెనక మేడ, నేలకింది గది.
పన్నెండు మందిమి పిల్లల కుర్చీల్లో
మోకాళ్లు గడ్డాలకు తగిలేట్టు కూర్చున్నాం.
"ఇవాళ మీ ఎత్తు ఇంతే," అంది హనాన్ మేడమ్,
"ఇక్కణ్ణించి చూడండి, పెద్దవాళ్లెలా కనిపిస్తారో."

కనిపించేవి ముక్కు రంధ్రాలు.

నేను రాజంపేట నర్సుని.
పదకొండేళ్లు పిల్లల వార్డులో సూదులేశాను.
నరం దొరకని చేతిలో నరం పట్టడం నాకొచ్చు.
ఏడ్చే బిడ్డను ఏమార్చడం నాకొచ్చు:
అదిగో పిట్ట, అంటాను, గుచ్చేస్తాను.
మొదటి రోజే మేడమ్ ఆ పిట్టను గుంజుకుంది.
"ఇక పిట్టల్లేవు."

గది మధ్యలో ఇసుక పెట్టె.
అడుగున నీలం రంగు, తవ్వితే నీళ్లున్నట్టు.
ఇసుక జర్మనీ నుంచి ఓడలో వచ్చింది,
కడిగి, జల్లించి, సంచి మీద ముద్రేసి.
బయట ఆకాశం ఎర్రబడి దుమ్ము లేస్తోంది.
తువ్వాలు తడిపి గడప కింద కుక్కాం,
ఊరి ఇసుక లోపలికి రాకుండా.

ఉమైర్‌కి ఏడేళ్లు.
బడిలో నోరు తెరవడు, పెన్సిళ్లు కొరికి మింగుతాడు.
రాయచోటి వాళ్లు. ఇంట్లో ఉరుదూ, మెట్లమీద తెలుగు,
క్లాసులో ఇంగ్లీషు, పక్క పీరియడ్లో అరబ్బీ.
నాలుగింటిలోనూ ఒకేలా ఊరుకుంటాడు.
వాళ్లమ్మ తస్లీమ్‌కి నా యాస వినగానే ప్రాణం లేచొచ్చింది:
"మన పక్కోళ్లే గదక్కా, నువ్వన్నా చెప్పు, వీడికేమైంది?"
చెప్పడానికి నోరు తెరిచాను.
అద్దం వెనక నుంచి మేడమ్ రెండుసార్లు తట్టింది.
మూశాను.

వాడు ఇసుకను అరచేత్తో చదును చేశాడు,
రొట్టెల పీట తుడిచినట్టు.
వేలితో ఒక గుండ్రం గీశాడు.
చెరిపాడు. మళ్లీ గుండ్రం.
నలభై నిమిషాలు.

వాడు వెళ్లాక మేం పోటీలు పడ్డాం.
బావి, అన్నారొకరు.
అమ్మ కడుపు, అంది లిజీ, పేజీ నంబరుతో సహా.
తెరిచిన నోరు, అన్నాడు అలెప్పో నుంచొచ్చిన ఘసాన్.
నేను సెలైన్ చుక్క అన్నాను, సిగ్గు లేకుండా.
"ఎంత బాగా చదువుకున్నారు మీరంతా!" అంది మేడమ్.
అది పొగడ్త కాదని
మెట్లెక్కుతుంటే తెలిసింది.

మూడో శుక్రవారం వాళ్ల నాన్నొచ్చాడు.
ఖాదర్ వలీ. అహ్మదీ నూనె బావుల దగ్గర సేఫ్టీ ఆఫీసరు.
రాత్రి డ్యూటీ దిగి, బూట్లతోనే,
చేతిలో హెల్మెట్టు, కళ్లల్లో నిద్ర.
"ఎన్ని రోజులు పడతాది? ఒక తేదీ చెప్పండి."
చిన్న కుర్చీ చూపించాను.
ఉమైర్ ఇసుక చదును చేశాడు. గుండ్రం గీశాడు.
ఆయన చూశాడు. ఏసీ ఒకటే చప్పుడు.
"సున్నా," అన్నాడు.

తర్వాత ఎవర్నీ చూడకుండా, ఇసుకకే చెబుతున్నట్టు:
"మా సైటు గేటు కాడ బోర్డుంటాది,
ప్రమాదం లేని రోజులు ఇన్ని అని.
రెండు నూర్ల పన్నెండు. దినామూ నేనే రాస్తా.
సెలవు రోజు వీణ్ణి తీసకపోయి చూపించినా.
ఎవరికన్నా దెబ్బ తగిలితే ఏం జేస్తావని అడిగినాడు.
తుడిచేసి సున్నా పెడతా, అన్నా."

తస్లీమ్ చున్నీ అంచు పళ్లకింద పెట్టుకుంది.
అప్పుడు చెయ్యెత్తింది గదా,
మోచేతి పైన పచ్చబారిన కమురు.
పదకొండేళ్ల నర్సుని, మూడు వారాలు
ఆ చేతికెదురుగానే కూర్చున్నాను.
నా నాలుక చివర పిట్ట కదిలింది.
మింగేశాను.

తలుపు తీసుకుని మేడమ్ మొదటిసారి లోపలికొచ్చింది.
తస్లీమ్‌ను ఒంటరిగా పక్క గదికి తీసుకెళ్లింది.
ఆ తలుపు వెనకది మాకింకా నేర్పలేదు.

ఇక్కడ మేం ముగ్గురం.
ఆయన ఇసుక వైపు చెయ్యి చాపాడు.
ఉమైర్ పెట్టెను తన పొట్టకేసి లాక్కున్నాడు.
ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది కాసేపు.
ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
హెల్మెట్టులో దాచుకున్నాడు.

రాత్రి నివేదిక నింపాను.
"మీరు చేసిన పని" అన్న గడిలో
చాలాసేపు ఆలోచించి, "కూర్చున్నాను" అని రాశాను.
పొద్దున తిరిగొచ్చింది.
పక్కన మేడమ్ ఎర్ర సిరా:
"ఎవరి పక్కన?"

వచ్చే శుక్రవారం దాకా గడువుంది.